విశ్వవిద్యాలయ విద్యలో తరగతుల కాలపట్టిక, గదుల కేటాయింపు: తెలుగు భాషాతరగతుల స్థానం

వ్యాససంగ్రహం: ఏ తరగతి ఏ గంటలో, ఏ గదిలో జరగాలన్న నిర్ణయాన్ని కార్యాలయపు పనిగా చూడడం కళాశాలల్లో పరిపాటి. ఆ నిర్ణయానికి గణితపరమైన స్వభావం ఉంది, బోధనపరమైన ఫలితాలు ఉన్నాయి, అధ్యాపక పోస్టులతో నేరుగా సంబంధం ఉంది. కాలపట్టిక సమస్య స్వరూపాన్ని వివరించి, ద్వితీయభాషగా తెలుగు తీసుకున్న విద్యార్థులను ఒకేచోట కలిపి కూర్చోబెట్టడమా, విడివిడిగా బోధించడమా అన్న ఒక్క నిర్ణయం ఎంత దూరం వెళ్తుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాలపట్టిక, గదుల కేటాయింపు, ద్వితీయభాష, ఉమ్మడి తరగతి, పనిభారం.

1. ప్రవేశిక

సెమిస్టర్ మొదలయ్యే వారంలో అధ్యాపకుల గదిలో అందరూ ఎదురుచూసేది ఒక్క కాగితం కోసం. అది నోటీసు బోర్డు మీదికి రాగానే కొందరు దాన్ని ఫోనులో ఫోటో తీసుకుని తరగతికి వెళ్తారు, కొందరు నేరుగా వైస్ ప్రిన్సిపాల్ గదికి వెళ్తారు. పాఠ్యప్రణాళిక గురించి, మూల్యాంకన పద్ధతుల గురించి సదస్సుల్లో పత్రాలు సమర్పిస్తాం. ఆ పాఠ్యప్రణాళిక ఎంతమంది ముందు, ఎలాంటి గదిలో, రోజులో ఏ వేళ అమలవుతుందో నిర్ణయించే కాగితం గురించి మాత్రం వరండాలో మాట్లాడుకుని ఊరుకుంటాం. భారతంలోని ఒక ఘట్టాన్ని మధ్యాహ్నం భోజనం తర్వాత నూట ఎనభై మందికి మైకులో చెప్పడం, అదే ఘట్టాన్ని ఉదయం పది గంటలకు యాభై మందికి నల్లబల్ల ముందు చెప్పడం ఒకే బోధన కావు. సిలబస్ పుస్తకంలో మాత్రం రెండూ ఒకే యూనిట్.

పరిభాష విషయం ఒకటి ముందే చెప్పుకోవాలి. టైంటేబుల్ అనే మాటకు కాలనిర్ణయ పట్టిక, సమయసారణి, కాలపట్టిక అనే మాటలు వాడుకలో ఉన్నాయి. వీటిలో పొట్టిగా ఉన్న కాలపట్టికను ఈ వ్యాసంలో స్వీకరిస్తున్నాను. పీరియడ్‌కు ‘గంట’ అనే మాటనే వాడుతున్నాను. మోగే గంటకూ, అరవై నిమిషాల గంటకూ తెలుగులో ఒకే మాట ఉండడం విద్యాసంస్థల విషయంలో సరిగ్గా అమరింది. యాభై నిమిషాల తరగతిని కూడా మనం గంట అనే అంటాం. గంట కొడితే మొదలై, గంట కొడితే ముగుస్తుంది కనుక ఆ మాటకు వచ్చిన లోటేమీ లేదు.

2. గ్రూపు నుంచి ఎంపికకు

కాలపట్టికను నిర్మించే పద్ధతులు స్థూలంగా రెండు. మొదటిది పాఠ్యప్రణాళికను బట్టి నిర్మించడం, రెండోది విద్యార్థుల నమోదును బట్టి నిర్మించడం. 2007లో జరిగిన అంతర్జాతీయ కాలపట్టికల పోటీలో ఈ రెంటినీ వేర్వేరు విభాగాలుగా పెట్టారు, పరీక్షల కాలపట్టికను మూడో విభాగంగా చేర్చారు.

మనకు అలవాటైన డిగ్రీ ‘గ్రూపు’ మొదటి పద్ధతికి చక్కని ఉదాహరణ. ఎం.పి.సి., బి.జెడ్.సి., హెచ్.ఇ.పి. అన్నప్పుడు ఆ మూడక్షరాల వెనుక ఒక విద్యార్థి బృందం మొత్తం కదులుతుంది. గణితం తరగతిలో ఉన్నవారే భౌతికశాస్త్రం తరగతిలోనూ ఉంటారు. కనుక పట్టిక వేసేవారు విద్యార్థులను వ్యక్తులుగా కాక ఒక్కో గ్రూపును ఒక్కో మనిషిగా లెక్కించి పని ముగించవచ్చు. విద్యార్థులు చేరకముందే, మే నెలలోనే, పట్టిక తయారుచేయవచ్చు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రోత్సాహంతో వచ్చిన ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానం ఈ సౌలభ్యాన్ని సడలించింది. తెలుగు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో అది 2015, 2016 సంవత్సరాల నుంచి అమల్లోకి వచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం విద్యార్థి ఎంపికను మరింత విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల గ్రూపు స్థానంలో ఒక మేజర్, దానికి తోడు ఒక మైనర్ ఉండే పద్ధతి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో నిధుల సంఘం ఒకే సమయంలో రెండు డిగ్రీలు చదవడానికి అనుమతినిస్తూ, రెండూ ప్రత్యక్ష తరగతులే అయితే ఒకదాని వేళలు మరొకదాని వేళలతో కలవకూడదన్న షరతు పెట్టింది. అంటే విద్యార్థి హక్కు ఒకటి కాలపట్టిక మీద ఆధారపడి నిలిచింది. ఎంపిక ఉన్నదని ప్రాస్పెక్టస్‌లో రాయడం తేలిక. ఎంచుకున్న రెండు కోర్సులూ ఒకే గంటలో పడితే ఆ ఎంపిక కాగితానికే పరిమితం.

తెలుగు శాఖకు దగ్గరగా ఉన్న ఉదాహరణ చూద్దాం. ఎం.ఏ. మూడో సెమిస్టర్‌లో జానపద విజ్ఞానం, ఆధునిక భాషాశాస్త్రం, తులనాత్మక సాహిత్యం, పత్రికారచన అనే నాలుగు ఐచ్ఛికాలు ఉన్నాయనుకుందాం. విద్యార్థి రెండింటిని ఎంచుకోవాలి. నాలుగింటి నుంచి రెండేసి చొప్పున ఆరు జతలు ఏర్పడతాయి. ప్రతి జతనూ కనీసం ఒక్కరు ఎంచుకున్నా చాలు, ఆ నాలుగు తరగతులూ నాలుగు వేర్వేరు గంటల్లో జరగవలసిందే. ఐచ్ఛికాలు ఆరయితే జతలు పదిహేను. ఇక్కడ గమనించవలసింది, ఒక జతను ఎంచుకున్నవారు ముప్పై మందా, ఒక్కరా అన్న దానితో నిమిత్తం లేదు. ఆ ఒక్కరి కోసం ఒక గంటను విడిగా పెట్టాలా, లేక ఆ విద్యార్థిని పిలిచి ‘వేరే పేపరు తీసుకో’ అని చెప్పాలా? శాఖల్లో ఎక్కువగా జరిగేది రెండోదే. అది అన్యాయమని ప్రతిసారీ అనలేం, కాని అది విద్యావిషయక నిర్ణయమని గుర్తించకుండా చేయడం మాత్రం సరికాదు.

3. రంగుల లెక్క

పై ఉదాహరణను గణితవేత్తలు ఒక బొమ్మగా గీస్తారు. ప్రతి తరగతికి ఒక బిందువు. రెండు తరగతులకు విద్యార్థి గాని అధ్యాపకుడు గాని ఉమ్మడిగా ఉంటే ఆ రెండు బిందువులనూ ఒక గీతతో కలుపుతారు. ఇలాంటి గీతల జాలానికి గ్రాఫ్ అని పేరు. ఇప్పుడు ఒక్కో గంటను ఒక్కో రంగు అనుకోవాలి. గీతతో కలిసిన రెండు బిందువులకు ఒకే రంగు పడకుండా, వీలైనన్ని తక్కువ రంగులతో అన్ని బిందువులకూ రంగు వేయగలిగితే అదే కాలపట్టిక.

1967లో వెల్ష్, పావెల్ అనే ఇద్దరు గణితవేత్తలు తమ వ్యాసంలో ఈ రంగుల సమస్యను కాలపట్టికలకు అన్వయించి ఒక సులభమైన మార్గం చూపారు. ఎక్కువ గీతలున్న బిందువుతో మొదలుపెట్టి, అవరోహణ క్రమంలో రంగులు వేసుకుంటూ రావాలి. వ్యవహారంలో దీని అర్థం, ఎక్కువ తరగతులతో ఘర్షణ పడే తరగతికి ముందుగా గంట కేటాయించాలి. ఇబ్బంది తక్కువ ఉన్నవాటిని చివరికి ఉంచుకోవాలి, అవి ఎక్కడైనా ఇముడుతాయి. పెళ్లి పందిట్లో పెద్ద గుండిగకు ముందు పొయ్యి చూసుకుని, చిన్న గిన్నెలను మిగిలిన చోట్ల సర్దినట్టే ఇది. ఈ మార్గం అన్నివేళలా అతితక్కువ రంగులతో ముగుస్తుందన్న హామీ లేదు. కాని చేతితో పట్టిక వేసేవారికి ఇంతకు మించిన సూత్రం దొరకడం కష్టం.

ఈ సూత్రాన్ని ఒక డిగ్రీ కళాశాలకు అన్వయిస్తే ఎక్కువ గీతలున్న బిందువు ఏది? ద్వితీయభాష తరగతే. భౌతికశాస్త్రం తరగతిలో ఒక గ్రూపువారే ఉంటారు. ఉమ్మడి తెలుగు తరగతిలో బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. మూడింటి విద్యార్థులూ ఉంటారు కనుక ఆ సంవత్సరపు ప్రతి సబ్జెక్టుతోనూ దానికి గీత ఉంటుంది. గణితం ప్రకారం దానికి మొదటి స్థానం ఇవ్వాలి. అలా ఇచ్చే కళాశాలలు ఉన్నాయి, అక్కడ పట్టిక సాఫీగా కుదురుతుంది. ప్రయోగశాలల గంటలను మొదట బిగించి, తర్వాత మేజర్ సబ్జెక్టులు నింపి, భాషలను ‘మిగిలిన’ గంటల్లో వేసే కళాశాలలూ ఉన్నాయి. మూడు కోర్సులకూ ఒకేసారి ఖాళీగా మిగిలే గంట సాధారణంగా దినాంతంలోనే దొరుకుతుంది. ఆ గంట మొదలయ్యేసరికి బస్సు పాసు విద్యార్థులు ఆర్టీసీ బస్సు కోసం సంచి సర్దుకుంటూ ఉంటారు. గ్రామీణ ప్రాంత కళాశాలల్లో కాలపట్టికకు కనిపించని సహరచయిత డిపో మేనేజరే.

4. అధ్యాపకుల వీలు

రంగుల బొమ్మను కాసేపు పక్కనపెట్టి పాత గ్రూపు పద్ధతికి తిరిగి వస్తే ఒక ఆశ్చర్యకరమైన విషయం కనిపిస్తుంది. ఒకవైపు అధ్యాపకులు, మరొకవైపు గ్రూపులు. ఎవరు ఎవరికి వారానికి ఎన్ని గంటలు చెప్పాలో ముందే తెలుసు. ఇంతే అయితే సమస్య చాలా తేలిక. హంగేరీ గణితవేత్త డెనెష్ కోనిగ్ 1916లో నిరూపించిన సిద్ధాంతం ప్రకారం, అందరిలోకీ ఎక్కువ పని ఉన్న అధ్యాపకుడికి గాని గ్రూపుకు గాని ఎన్ని గంటలుంటే అన్ని గంటల్లోనే మొత్తం పట్టికను ఇమడ్చవచ్చు. అత్యధిక భారం వారానికి 24 గంటలయితే 24 గంటల్లో పట్టిక తప్పక కుదురుతుంది.

అయితే కోనిగ్ లెక్కలో అందరూ అన్ని వేళలా అందుబాటులో ఉంటారు. కంప్యూటర్‌తో కాలపట్టిక వేసే ప్రయత్నాల్లో తొలినాటిదిగా చెప్పదగిన 1962 నాటి వ్యాసంలో టొరంటోకు చెందిన సి. సి. గాట్లీబ్, కొన్ని గంటల్లో కొందరు దొరకరన్న వాస్తవాన్ని కూడా చేర్చుకున్నారు. 1976లో ఈవెన్, ఇతాయ్, షమీర్ అనే ముగ్గురు ఆ ఒక్క చేర్పు ఎంత ప్రమాదకరమో నిరూపించారు. మొత్తం మూడే గంటలున్నా, గ్రూపులన్నీ ఎప్పుడూ సిద్ధంగా ఉన్నా, అధ్యాపకుల వీలు పరిమితమైతే చాలు, సమస్య ‘ఎన్‌పీ-కంప్లీట్’ అనే కఠినవర్గంలోకి చేరుతుంది. వారిలో షమీర్, ఆ మరుసటి ఏడాది ఆర్‌ఎస్‌ఏ రహస్యలిపి పద్ధతిని రూపొందించిన ముగ్గురిలో ఒకరు.

ఎన్‌పీ-కంప్లీట్ అంటే సామాన్య భాషలో ఇది: ఎవరైనా పట్టిక తయారుచేసి ఇస్తే అందులో తప్పు ఉన్నదో లేదో చూడడం తేలిక. అలాంటి పట్టికను కనిపెట్టడానికి మాత్రం అన్ని సందర్భాల్లోనూ త్వరగా పనిచేసే పద్ధతి ఇంతవరకు తెలియదు. ఇరవై తరగతులను ముప్పై గంటల్లో ఎక్కడైనా వేయవచ్చు అనుకుంటే వచ్చే అమరికల సంఖ్యకు ముప్పై అంకెలుంటాయి. వాటన్నిటినీ ఒకటొకటిగా పరీక్షించడం ఏ కంప్యూటర్‌కూ సాధ్యం కాదు.

ఈ సిద్ధాంతం మన కళాశాలల్లో ఎక్కడ తగులుతుందో చెప్పనక్కరలేదు. గంటల లెక్కన పనిచేసే గెస్ట్ లెక్చరర్లు ఉదయం ఒక కళాశాలలో, మధ్యాహ్నం మరొక కళాశాలలో పాఠం చెప్పి ఆ రెండు చోట్ల వచ్చినదాంతో నెల గడుపుకుంటారు. రెగ్యులర్ పోస్టులు తగ్గి, గంటల బోధకులు పెరిగేకొద్దీ పట్టిక కోనిగ్ లెక్క నుంచి జరిగి షమీర్ లెక్కలోకి వెళ్తుంది. అధ్యాపకులను పార్ట్‌టైమ్‌గా తీసుకోవడం వల్ల మిగిలే డబ్బును లెక్కవేసేవారు, ఆ మిగులుకు కాలపట్టిక చెల్లించే ధరను లెక్కలో వేయరు. ఆ ధరను చెల్లించేది విద్యార్థే: మధ్యలో రెండు ఖాళీ గంటలు, ఒకే రోజు వరుసగా మూడు తెలుగు గంటలు, తర్వాత నాలుగు రోజులు ఏమీ లేకపోవడం.

5. గది

గంటలు కుదిరాక గదులు. వీటిని రెండో దశగా చూడడం అలవాటే గాని, నిజానికి రెండూ ఒకదాన్నొకటి బిగిస్తాయి.

కేవలం సీట్ల సంఖ్యే షరతయితే కేటాయింపు కష్టం కాదు. ఒక గంటలో జరిగే తరగతులను పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా రాసుకోవాలి, గదులనూ అలాగే రాసుకోవాలి. మొదటి తరగతికి మొదటి గది, రెండోదానికి రెండోది. ఎక్కడైనా తరగతి కంటే గది చిన్నదైతే ఆ గంటలో పరిష్కారం లేదని తేలుతుంది, గంటనే మార్చుకోవాలి. ఫిలిప్ హాల్ 1935లో ప్రకటించిన సిద్ధాంతం ఈ విషయాన్నే విస్తృతంగా చెబుతుంది: ఏ కొన్ని తరగతులను తీసుకున్నా, వాటిలో ఏదో ఒకదానికైనా పనికొచ్చే గదులన్నీ కలిపి కనీసం ఆ తరగతుల సంఖ్య అంతైనా ఉండాలి. ఎనభై మందికి పైబడిన తరగతులు ఒకే గంటలో నాలుగు ఉండి, అంతమంది పట్టే గదులు మూడే ఉంటే, పక్కన చిన్న గదులు పది ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. ‘అన్ని గదులు ఖాళీగా ఉంటే గది లేదంటారేమిటి’ అనే తనిఖీ బృందాల ప్రశ్నకు జవాబు ఇదే.

గదికి సీట్లు కాక వేరే గుణాలు కూడా ఉంటాయి. ఛందస్సు పాఠానికి నల్లబల్ల కావాలి. ఉత్పలమాల పాదాన్ని రాసి, గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, యతిస్థానం దగ్గర గీత గీసి చూపాలి. విద్యార్థిని పిలిచి బల్ల మీద చేయించాలి. తెర దించితే బల్ల మూసుకుపోయే ‘స్మార్ట్’ గది దీనికి పనికిరాదు. పద్యపఠనానికి నిశ్శబ్దం కావాలి; రోడ్డు వైపు గదిలో, జనరేటర్ పక్క గదిలో రాగం తీసినా వచనం చదివినా ఒక్కటే. పాఠ్యాంశాల్లో నాటకం ఉంటే ముందు వరుసల బెంచీలు జరపగలిగే గది కావాలి. గదుల రిజిస్టరులో గది సంఖ్య, సీట్లు, ప్రొజెక్టర్ ఉన్నదా లేదా అన్న వరకే ఉంటుంది కాబట్టి ఈ అవసరాలు పట్టికలోకి రావు. శాఖ తరఫున వాటిని ముందుగా రాసి ఇవ్వడం మినహా మార్గం లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) ఉన్నందున మెట్లు ఎక్కలేని విద్యార్థి ఉన్న తరగతిని లిఫ్టు లేని పైఅంతస్తులో వేయడం కుదరదు. ఉమ్మడి తరగతికి సరిపడే ఒకే ఒక సెమినార్ హాలు పైఅంతస్తులో ఉన్న కళాశాలలో ఈ ఒక్క షరతే మొత్తం అమరికను మార్చివేస్తుంది.

గదుల వినియోగాన్ని కొలవడానికి ఒక సరళమైన సూత్రం ఉంది. గది వారంలో ఎన్ని గంటలు వాడుకలో ఉంది అన్నది ఒక నిష్పత్తి, వాడినప్పుడు సగటున ఎన్ని సీట్లు నిండాయి అన్నది రెండో నిష్పత్తి. రెంటినీ గుణించాలి. వారానికి 36 గంటలు అందుబాటులో ఉన్న గదిని 24 గంటలు వాడి, 60 సీట్లలో సగటున 36 నిండితే, మూడింట రెండు వంతులను అరవై శాతంతో గుణించగా వచ్చేది 40 శాతం. గది ‘ఎప్పుడూ నిండుగానే’ ఉన్నట్టు కనిపిస్తూ సగానికంటే తక్కువ పనిచేస్తోంది. ఉదయం పది నుంచి పన్నెండు వరకు గదుల కొరత, మూడు తర్వాత ఖాళీ గదులు ఒకే భవనంలో ఉంటాయి. దానికి తోడు శాఖల తాళాలు. ‘అది మా శాఖ గది’ అన్న మాట విశ్వవిద్యాలయాల్లో గోడకంటే గట్టిది. తెలుగు శాఖలకు ఈ విషయంలో ప్రయోగశాలల వంటి సొంత స్థలం ఉండదు కనుక గదులన్నీ ఉమ్మడి నిధిలోకి వస్తే లాభపడేది మనమే.

6. ఉమ్మడి తరగతి లెక్క

ఇక అసలు విషయానికి రావచ్చు. ఊహాత్మకమైన ఒక డిగ్రీ కళాశాలను తీసుకుందాం. మొదటి సంవత్సరంలో బి.ఏ. 60, బి.కాం. 120, బి.ఎస్‌సి. 120, మొత్తం 300 మంది. ద్వితీయభాషగా తెలుగు తీసుకున్నవారు బి.ఏ.లో 40, మిగతా రెంటిలో 70 చొప్పున, మొత్తం 180 మంది. హిందీ 70, సంస్కృతం 50. ఒక్కో భాషకు ఒక్కో అధ్యాపకుడు. భాషకు వారానికి నాలుగు గంటలు.

మొదటి మార్గం, మూడు కోర్సులవారికీ ఒకే గంటలో భాషలు వేయడం. తెలుగు 180 మంది ఒకే హాలులో. పట్టిక వేసేవారికి ఇది అన్నిటికంటే సుఖం: వారానికి నాలుగే గంటలు పక్కన పెట్టుకుంటే చాలు. రెండో మార్గం, కోర్సువారీగా వేర్వేరు గంటల్లో వేయడం. తెలుగు అధ్యాపకుడు అదే పాఠాన్ని మూడుసార్లు చెబుతాడు, వారానికి పన్నెండు గంటలు. ఈ మార్గంలో ఒక చిక్కు ఉంది. భాషలు సమాంతరంగా నడవాలి కాబట్టి హిందీ, సంస్కృతం కూడా మూడేసి తరగతులవుతాయి, బి.ఏ. సంస్కృతంలో పదిమందే కూర్చుంటారు. ఆ పదిమందిని చూపించి, మొత్తం విభజననే వృథాగా కొట్టివేయడం సమీక్షా సమావేశాల్లో జరుగుతుంది. మూడో మార్గం, ఒకే గంటలో తెలుగును మూడు సెక్షన్లుగా నడపడం. దానికి ముగ్గురు తెలుగు అధ్యాపకులు, ఒకే గంటలో అయిదు గదులు కావాలి. పెద్ద కళాశాలలకే అది సాధ్యం.

ఇప్పుడు ఈ లెక్కను పనిభారంలోకి మార్చి చూడాలి. నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రత్యక్ష బోధన వారానికి 16 గంటలు. రెండో సంవత్సరంలోనూ ఇంతేమంది విద్యార్థులు ఉన్నారనుకుంటే, మొదటి మార్గంలో తెలుగు పనిభారం రెండు సంవత్సరాలకు కలిపి 8 గంటలు, అంటే సగం పోస్టు. రెండో మార్గంలో 24 గంటలు, అంటే ఒకటిన్నర పోస్టు. విద్యార్థులు అదే 360 మంది. పాఠ్యపుస్తకం అదే. సిలబస్‌లో అక్షరం మారలేదు. కాలపట్టికలో ఒక గీత జరిగితే ఒక పోస్టు వచ్చింది, ఒక పోస్టు పోయింది. బి.ఏ., బి.కాం.లను కలిపి ఒక తరగతి, బి.ఎస్‌సి.ని విడిగా మరొక తరగతి చేస్తే సరిగ్గా 16 గంటలు, ఒక పూర్తి పోస్టు. దానికి మూల్యంగా ఒక గదిలో 110 మందిని భరించాలి.

మూల్యాంకనం మాత్రం ఏ మార్గంలోనూ తగ్గదు. సెమిస్టర్‌కు రెండేసి అంతర్గత పరీక్షలయితే 360 మందికి 720 జవాబుపత్రాలు. ఎనిమిది గంటల ‘తేలిక’ పనిభారం ఉన్నట్టు రికార్డుల్లో కనిపించే అధ్యాపకుడు దిద్దేది ఇరవై నాలుగు గంటలవాడు దిద్దేన్ని కాగితాలే.

బోధన సంగతి చూస్తే తేడా ఇంకా స్పష్టం. ప్రతి విద్యార్థీ ఒక పద్యాన్ని నిలబడి చదవాలని, ఒక్కొక్కరికి ఒక నిమిషం ఇవ్వాలని అనుకుందాం. 180 మందికి 180 నిమిషాలు. వారంలో తెలుగుకు ఉన్నది యాభై నిమిషాల గంటలు నాలుగు, అంటే 200 నిమిషాలు. ఒక్క పద్యానికి వారం పోయింది. నలభై మంది ఉన్న బి.ఏ. తరగతిలో అదే పని ఒక గంటలో ముగిసి పది నిమిషాలు మిగులుతుంది. అందుకే పెద్ద హాలులో పఠనం అధ్యాపకుడి గొంతుకే పరిమితమవుతుంది. మూడేళ్ల డిగ్రీ పూర్తిచేసి ‘శ’, ‘ష’, ‘స’ల భేదం పలకలేని పట్టభద్రుల గురించి పత్రికల్లో వాపోయేవారు, వారి భాషాతరగతి ఏ గదిలో జరిగిందో అడగడం మంచిది.

ఉమ్మడి తరగతికి సమర్థన లేకపోలేదు. వేర్వేరు కోర్సుల విద్యార్థులు కలిసి కూర్చునే చోటు కళాశాలలో భాషాతరగతి ఒక్కటే. వాణిజ్యశాస్త్రం చదివే అమ్మాయి, చరిత్ర చదివే అబ్బాయి ఒకే కథను రెండు రకాలుగా చదవడం ఆ తరగతిలోనే వినగలం. ఈ వ్యాసకర్త అనుభవంలోనూ మంచి చర్చలు అలాంటి మిశ్రమ తరగతుల్లోనే జరిగాయి. కాని మిశ్రమం వేరు, గుంపు వేరు. అరవైమంది మిశ్రమ సెక్షన్లు కావాలంటే మూడో మార్గానికే వెళ్లాలి, దానికి పోస్టులు కావాలి. పోస్టులు కావాలంటే పనిభారం చూపాలి. ఉమ్మడి తరగతి ఉన్నంతకాలం పనిభారం కనిపించదు. ఈ వలయం ఎక్కడో ఒకచోట తెగాలి, తెంపడానికి అందుబాటులో ఉన్న చోటు కాలపట్టికే.

7. తప్పనిసరివి, సర్దుకోగలిగినవి

కాలపట్టికల సాఫ్ట్‌వేర్ షరతులను రెండు తరగతులుగా విభజిస్తుంది. ఉల్లంఘించడానికి వీల్లేనివి, వీలైనంత వరకు పాటించవలసినవి. ఒకే అధ్యాపకుడు ఒకే గంటలో రెండు చోట్ల ఉండలేడు, ఇది మొదటి రకం. మధ్యలో ఖాళీ గంట రాకూడదు, ఇది రెండో రకం. రెండో రకం షరతులకు మార్కులు ఉంటాయి, ఉల్లంఘనల మొత్తం అతితక్కువగా ఉన్న పట్టికను యంత్రం వెతుకుతుంది.

ఏ షరతు ఏ రకమన్నది ప్రకృతి నిర్ణయించలేదు. పైన చెప్పిన 2007 పోటీలో ఇటలీలోని ఉదీనె విశ్వవిద్యాలయం నమూనాను వాడిన విభాగం ఉంది. అందులో గది సామర్థ్యం తప్పనిసరి షరతు కాదు! సీటు దొరకని ప్రతి విద్యార్థికీ ఒక మార్కు జరిమానా. ఒక కోర్సు గంటలు నిర్ణీత సంఖ్యలో రోజులకు విస్తరించకపోతే తగ్గిన ఒక్కో రోజుకు అయిదు మార్కులు. గ్రూపు దినచర్యలో ఒంటరిగా మిగిలిన గంటకు రెండు. అంటే ఆ నమూనా దృష్టిలో నలుగురు విద్యార్థులు నిలబడడం కంటే పాఠాలన్నీ ఒకే రోజున కుప్పపడడం పెద్ద తప్పు. ఇది సరైనదా కాదా అన్నది వేరే చర్చ. అంకెగా రాసి పెట్టడం వల్ల చర్చించే వీలు కలిగింది. మన దగ్గర అవే నిర్ణయాలు పట్టిక వేసే వ్యక్తి మనసులో ఉంటాయి, ఆయన బదిలీతో పోతాయి.

యాభై వేలమందికి పైగా విద్యార్థులున్న అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో అమలవుతున్న పద్ధతి ఈ సందర్భంలో ఉపయోగపడుతుంది. అక్కడ మొత్తం పట్టికను ఒకేసారి వేయరు. పెద్ద ఉపన్యాస మందిరాల్లో జరగవలసిన తరగతులను కేంద్రీయంగా ముందు కుదురుస్తారు, తర్వాత శాఖలు తమ తరగతులను వాటి చుట్టూ అమర్చుకుంటాయి. యూనిటైమ్ అనే సాఫ్ట్‌వేర్ ఈ ప్రయత్నంలోంచి వచ్చింది. అది ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగిన ఓపెన్ సోర్స్. దాని రూపకర్తల్లో ఒకరైన తొమాష్ ముల్లర్ మరొక ప్రశ్న మీద కూడా కృషి చేశారు: ప్రకటించిన పట్టికలో ఒక మార్పు వస్తే మిగతా పట్టికను అతితక్కువగా కదిలించి దాన్ని ఎలా సరిచేయాలి? బదిలీ, ప్రసూతి సెలవు, పోటీపరీక్షల కేంద్రంగా గదులు ఇచ్చేయడం వంటివి సెమిస్టర్ మధ్యలో వచ్చిపడే మన కళాశాలలకు తొలి పట్టిక కంటే ఈ రెండో ప్రశ్నే ముఖ్యం. సాధారణంగా మొదట కదిలేది భాషాతరగతే. దానికి సొంత గది లేదు, ప్రయోగం ఆగిపోదు, ‘తర్వాత చెప్పుకోవచ్చు’. ఒక గంట జరిపితే మూడు కోర్సుల పట్టికలు చెదురుతాయన్న సంగతి జరిపాక గాని తెలియదు.

పెద్ద తరగతులకు ముందు చోటు చూడడమన్న క్రమానికి మన దగ్గర యంత్రం కూడా అవసరం లేదు. కళాశాల అకడమిక్ కౌన్సిల్ గాని, స్టాఫ్ కౌన్సిల్ గాని మేలోనే మూడు విషయాలు తీర్మానంగా రాసుకుంటే చాలు. భాషల గంటలు ప్రయోగశాలల కంటే ముందు ఖరారవుతాయి. భాషాసెక్షన్‌లో గరిష్ఠ సంఖ్య ఇంత. ఆ సంఖ్య మించితే గది దొరికినా సరే విభజన తప్పనిసరి. మూడోది లేకపోతే మొదటి రెంటికీ విలువ లేదు. పెద్ద ఆడిటోరియం కట్టించిన మరుసటి ఏడాది నుంచి సెక్షన్లు కలిసిపోవడం సహజంగా జరిగే పని.

పనిభార నివేదిక ప్రొఫార్మాలో శాఖాధిపతి నింపే వరుసలు మామూలుగా ఇవి: కోర్సు, సెమిస్టర్, వారానికి గంటలు, మొత్తం. ఉమ్మడిగా నడుస్తున్న తరగతిని ఆ వరుసల్లో ‘4’ అని రాసి పంపిస్తే పై కార్యాలయానికి నాలుగే కనిపిస్తుంది. అదే వరుసలో విద్యార్థుల సంఖ్య, కలిపిన సెక్షన్ల సంఖ్య, కలపడానికి కారణం గది లేమియా అధ్యాపకుల లేమియా అన్న మూడు అంశాలను శాఖ తన ప్రతిలో చేర్చి, ప్రిన్సిపాల్ సంతకంతో పంపడానికి ప్రత్యేక ఉత్తర్వు ఏదీ అవసరం లేదు. పోస్టుల హేతుబద్ధీకరణ కోసం కమిటీ వచ్చిన రోజున బల్ల మీద ఉండేవి ఆ కాగితాలే.